ఆఫీసు ముచ్చట్లు: బోర్డు పెట్టారు సరే, బల్ల మార్చారా?

పోయిన సంచికలో నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. మీ ఆఫీసు రిసెప్షన్‌లో "ఇక్కడ అందరికీ సమాన అవకాశాలు" అని బోర్డు ఉంటే, ఆ బోర్డు పెట్టాక వైకల్యం ఉన్న ఏ ఒక్క మనిషి కోసమైనా ఏ ఒక్క వస్తువైనా మారిందా అని. ఇన్ని జవాబులు వస్తాయని నిజంగా అనుకోలేదు, ఉత్తరాలు, మెయిళ్ళు, చూపు లేని ఒక పాఠకుడైతే ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపారు, రెండుసార్లు విన్నాను. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి పదిమందికీ పనికొచ్చేవి ఏరుకున్నాను. ఇంకో మాట, కొందరు "దివ్యాంగులు అని రాయండి" అన్నారు, కొందరు ఆ మాట వద్దే వద్దన్నారు. నేను వికలాంగులు అనే రాస్తున్నాను, మీ పక్క సీట్లో ఉన్న మనిషికి ఏ మాట ఇష్టమో మాత్రం వాళ్ళనే అడగండి.

ప్రశ్న: మేడమ్, మాది విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్, అందరూ కలిపి 32 మంది పనిచేస్తారు. ఆర్డర్లు తీసుకోడానికి, కస్టమర్లతో ఫోన్లో మాట్లాడ్డానికి ఉద్యోగం ఉందని ప్రకటన ఇస్తే అస్సలు చూపు లేని అమ్మాయి వచ్చింది, బీకాం చదివింది, చక్కగా మాట్లాడుతోంది. తీసుకోవాలనే ఉంది కానీ కంప్యూటర్ ఎలా వాడుతుందో అర్థం కావట్లేదు, ఖర్చు ఎంత అవుతుందో తెలీదు, రేపు పని జరక్కపోతే తీసేస్తే పాపం అనిపిస్తుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందుగా, కంప్యూటర్ ఎలా వాడతావమ్మా అని ఆ అమ్మాయినే అడిగారా? మీ ఉత్తరంలో ఆ సంగతి ఎక్కడా లేదు అందుకే అడుగుతున్నా. చాలామంది ఇక్కడే ఆగిపోతారండి, ఎదురుగా కూర్చున్న మనిషిని అడగాల్సింది వదిలేసి బయట అందరినీ అడుగుతారు.

ఖర్చు సంగతి చెప్తాను. స్క్రీన్ రీడర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది, తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి చెప్తుంది. ఎన్‌వీడీఏ అనేది పూర్తిగా ఉచితం, 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు స్నేహితులు మొదలుపెట్టారు, డబ్బు పెట్టి కొనే జాస్ లాంటివి అందరూ కొనలేకపోతున్నారని. విండోస్ కంప్యూటర్లో పది నిమిషాల్లో పడుతుంది, ఇంగ్లీషు చదువుతుంది, తెలుగూ చదువుతుంది, గొంతు కాస్త యంత్రంలా ఉంటుంది అంతే. ఆండ్రాయిడ్ ఫోన్లో అయితే టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ముందే ఉంటుంది. మీరు కొనాల్సింది ఒక మంచి హెడ్‌సెట్, ఒక చెవిలో కస్టమరు, ఇంకో చెవిలో కంప్యూటరు, వినీ వినీ అలవాటైనవాళ్ళు ఎంత స్పీడులో పెట్టుకుంటారంటే మనకి ఒక్క ముక్క కూడా అర్థం కాదు.

అసలు ఇబ్బంది ఆ అమ్మాయి వైపు నుంచి కాదు మీ కాగితాల వైపు నుంచి వస్తుంది, ఇది బాగా వినండి. మీ రేట్ల లిస్టుని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు చూడండి, అది స్క్రీన్ రీడర్‌కి బొమ్మ, అందులో అక్షరాలు ఉన్నాయని దానికి తెలీదు. స్కాన్ చేసిన పీడీఎఫ్ కూడా అంతే. అదే లిస్టు ఎక్సెల్‌లో పంపితే గడి గడి చదువుకుంటుంది, కాకపోతే అందం కోసం గడులన్నీ కలిపేసి మెర్జ్ చెయ్యకండి, ఏ రేటు ఏ పార్టుదో తెలీకుండా పోతుంది. ఇంక మన తెలుగువాళ్ళకి ఉన్న తలనొప్పి ఒకటుంది, డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో టైప్ చేయించిన ఫైలు. మన కంటికి అది తెలుగు, కంప్యూటర్ లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగం, స్క్రీన్ రీడర్ ఆ గందరగోళాన్నే చదువుతుంది. యూనికోడ్‌లో, అంటే ఫోన్లో మనం టైప్ చేసే తెలుగు లాంటి అక్షరాల్లో టైప్ చేయించండి, ఆ ఒక్క అలవాటు మారితే చాలా మారుతుంది.

మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సంగతి ఈరోజే తేల్చుకోవచ్చు. మౌస్ తీసి డ్రాయర్లో పెట్టి ఒక అరగంట కీబోర్డుతోనే ఒక ఆర్డర్ వేసి చూడండి. ఎక్కడైనా మౌస్ లేకుండా ముందుకి కదలకపోతే అక్కడ ఆ అమ్మాయి కూడా ఆగిపోతుంది. తర్వాత ఎన్‌వీడీఏ పెట్టి, బటన్ మీదకి వెళ్తే "సేవ్" అని పలుకుతోందా ఉత్త "బటన్" అని ఊరుకుంటుందా వినండి. ఊరుకుంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఫోన్ చేసి పేర్లు పెట్టమనండి, మహా పెద్ద పనేం కాదు. ఇదంతా ఆ అమ్మాయినే కూర్చోబెట్టి చేస్తే ఇంకా మేలు, ఒక పూట చాలు, ఆ పూటకి డబ్బులివ్వండి.

చట్టం సంగతి కూడా మీకు తెలియాలి ఎందుకంటే మీ దగ్గర 20 మంది దాటి ఉన్నారు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది, ప్రైవేటు సంస్థలు కూడా దాని కిందికే వస్తాయి. మీరు సమాన అవకాశాల పాలసీ అని ఒకటి రాసి అందరికీ కనపడేచోట పెట్టాలి, అందులో వికలాంగులు చెయ్యగలిగే పోస్టులు మీ దగ్గర ఏమున్నాయి, ఎలా తీసుకుంటారు, ఏ పరికరాలిస్తారు, ఎలాంటి సెలవులిస్తారు అన్నీ రాయాలి, ఈ విషయాలు చూసుకోడానికి ఒక లైజన్ ఆఫీసర్‌ని పెట్టాలి. నాలుగు శాతం రిజర్వేషన్ మాత్రం ప్రభుత్వ ఉద్యోగాలకే, అది మీకు వర్తించదు. చట్టాన్ని పట్టించుకోకపోతే మొదటిసారి పదివేల దాకా జరిమానా, మళ్ళీ మళ్ళీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా.

తీసేస్తే పాపం అన్నారు కదా. కొత్తగా చేరిన ఏ ఉద్యోగికి ఎన్ని నెలలు టైమిస్తారో తనకీ అన్నే ఇవ్వండి, తక్కువా వద్దు, ఎక్కువా వద్దు. ఆ టైములో ఫైళ్ళూ సాఫ్ట్‌వేరూ సరిగ్గా ఉండేలా మాత్రం మీరు చూసుకోండి, అవి సరిగ్గా లేకుండా పని రాలేదు అనడం అన్యాయం.

ప్రశ్న: ఇలా సౌకర్యాలూ మినహాయింపులూ ఇచ్చుకుంటూ పోతే మెరిట్ ఏమవుతుందండి? మిగతావాళ్ళకి నష్టం కాదా? (పేరు రాయలేదు, కర్నూలు)

జవాబు: నష్టం కాదండి. కళ్ళజోడు పెట్టుకుని పరీక్ష రాసినవాడికి మార్కులు తగ్గించమని ఎవరూ అడగరు. మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా గారికి చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ సీటు ఇవ్వం అన్నారు, కోర్టుకెళ్ళి సీటు తెచ్చుకుని 98 శాతం తెచ్చుకున్నారు, అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి హైదరాబాద్‌లో కంపెనీ పెట్టి వికలాంగులకి ఉద్యోగాలిచ్చారు. ఆయన మెరిట్ పుట్టుకతోనే ఉంది, తలుపు దగ్గర ఆపింది వేరేవాళ్ళు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. చెయ్యి బిగుసుకుపోయి రాయలేని ఒక సివిల్స్ అభ్యర్థికి బదులు రాసే మనిషిని ఇవ్వం అన్నారు, వైకల్యం 40 శాతానికి తక్కువున్నా సరే అవసరమైన సర్దుబాటు ఇవ్వాల్సిందే, కాదనడం వివక్షే అని తీర్పు. ఆ అబ్బాయి జవాబులు అడగలేదు కదండీ, తన జవాబులు కాగితం మీదకి ఎక్కించే చెయ్యి అడిగాడు.

ప్రశ్న: మేడమ్ నేను విశాఖలో ఒక ఆఫీసులో అడ్మిన్ చూస్తాను. వీల్‌చెయిర్ వాడే అతను వచ్చే నెల చేరుతున్నాడు. మాకు లిఫ్ట్ ఉంది కానీ గేటు దగ్గర మూడు మెట్లున్నాయి. మా సార్ "ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు ఎత్తుకుని లోపల పెడతారులే" అంటున్నారు. ర్యాంపు వేయించాలంటే ఎలా ఉండాలి?

జవాబు: ఎత్తుకోవడం వద్దమ్మా. ఆ అబ్బాయి టీ తాగడానికి బయటికి వెళ్ళాలన్నా ఇద్దర్ని బతిమాలుకోవాలి, పైగా చెయ్యి జారితే నడుం విరుగుతుంది. మీ సార్‌కి ఈ రెండు ముక్కలూ గట్టిగా చెప్పు.

లెక్క ఇది, ఒకటికి పన్నెండు. అంటే అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడుగు ర్యాంపు. మెట్టు ఆరంగుళాలు అనుకుంటే మూడు మెట్లకి అడుగున్నర, కాబట్టి కనీసం పద్దెనిమిది అడుగులు కావాలి. చాలా చోట్ల మేస్త్రీ మెట్ల మీద నాలుగడుగుల సిమెంటు పోసి ర్యాంపు అంటాడు, దాని మీద స్కూటర్ ఎక్కుతుంది, చేతులతో చక్రం తోసుకునే మనిషి ఎక్కలేడు, ఎక్కినా వెనక్కి దొర్లిపోతాడు. చోటు లేకపోతే మధ్యలో మలుపు తిప్పుకోవచ్చు. రెండు పక్కలా పట్టుకోడానికి కడ్డీలుండాలి, పైన నున్నటి గ్రానైట్ వద్దు, మన వానలకి జారుతుంది.

ఇంక నువ్వు అడగనిది చెప్తాను, టాయిలెట్. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. చాలా ఏళ్ళ కిందట నేను హెచ్ఆర్‌లో పనిచేసిన ఒక కంపెనీలో వీల్‌చెయిర్ వాడే కుర్రాడిని తీసుకున్నాం, ర్యాంపు ఉంది, లిఫ్ట్ ఉంది, వికలాంగుల టాయిలెట్ అని బొమ్మ ఉన్న గది కూడా ఉంది, అన్నీ ఉన్నాయని నేనే ఫారం మీద టిక్ పెట్టాను. మూడో వారంలో అతను మధ్యాహ్నం భోజనానికి కూడా నీళ్ళు తాగట్లేదని పక్క సీటు అమ్మాయి వచ్చి చెప్పింది. వెళ్ళి చూస్తే ఆ గదిలో చీపుర్లు, మాప్‌లు, ఖాళీ వాటర్ క్యాన్లు, హౌస్‌కీపింగ్ వాళ్ళు తాళం వేసుకున్నారు. అతను ఎవరికీ చెప్పుకోలేక పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఇంటికెళ్ళేదాకా నీళ్ళు మానేశాడు, మూడు వారాలు. టిక్ పెట్టేముందు ఆ తలుపు తెరిచి చూడలేదు నేను, ఇప్పటికీ ఆ విషయం తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది. అందుకే చెప్తున్నా, తలుపు తెరిచి చూడు. తలుపు 900 మిల్లీమీటర్లకి తగ్గకుండా ఉండాలి, బయటికి తెరుచుకోవాలి లేదా పక్కకి జరగాలి, లోపల కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల చోటు, కమోడ్ పక్కన పట్టుకోడానికి కడ్డీలు, కింద పడిపోయినా చెయ్యందేలా బెల్లు. అతను చేరకముందే ఒకరోజు రమ్మను, గేటు నుంచి సీటు దాకా, సీటు నుంచి క్యాంటీన్ దాకా నువ్వూ పక్కన నడువు, ఎక్కడ ఆగాడో రాసుకో. బల్ల కింద మోకాళ్ళు పట్టకపోతే బల్ల మార్చు.

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం. మా ఆయన ప్రభుత్వ సంస్థల డ్రైవర్, 17 ఏళ్ళ సర్వీసు. షుగర్ వల్ల కంటి చూపు బాగా తగ్గింది, మెడికల్ టెస్టుల ఫెయిల్ చేసిన్రు. ఇప్పుడు ఆఫీసోళ్ళు స్వచ్ఛందంగ రిటైర్ అయితున్నా అని సంతకం పెట్టమంటున్రు, పెట్టకపోతే ఏమొస్తదో అని భయమైతుంది. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్రు.

జవాబు: చెల్లీ, సంతకం పెట్టనియ్యకు. ఈ పత్రిక చేతికి రాగానే ఆయనకి చదివి వినిపించు.

2016 చట్టంలో 20వ సెక్షన్ సరిగ్గా మీ గురించే రాసినట్టు ఉంటుంది. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఆ ఉద్యోగిని తీసెయ్యడానికి లేదు, హోదా తగ్గించడానికీ లేదు. ఇప్పుడున్న పని చెయ్యలేకపోతే అదే జీతం స్కేలుతో, అవే సర్వీసు బెనిఫిట్లతో ఇంకో పోస్టులోకి మార్చాలి. సరిపోయే పోస్టే లేదంటే అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి, సరైన పోస్టు దొరికేదాకా లేదా రిటైర్మెంట్ వయసు వచ్చేదాకా. తనంతట తానే రిటైర్ అవుతున్నా అని సంతకం పెడితే మాత్రం ఈ రక్షణ కోసం తర్వాత చాలా కొట్లాడాల్సి వస్తుంది.

మన దగ్గర జరిగిన కేసే ఒకటి చెప్తా ధైర్యం కోసం. 2014లో ఆర్టీసీలో చేరిన ఒక డ్రైవర్‌కి తర్వాత పరీక్షలో రంగులు సరిగ్గా కనపడట్లేదని తేలి మెడికల్ గ్రౌండ్స్ మీద ఇంటికి పంపారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2025 ఆగస్టు 1న తీర్పొచ్చింది, అదే జీతంతో సరిపోయే వేరే పని ఇవ్వాలి, మధ్యలో పోయిన కాలానికి 25 శాతం బకాయిలు ఇవ్వాలి అని తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. వేరే పని ఏదన్నా ఉందా అని వెతక్కుండానే పంపెయ్యడం తప్పని కోర్టు చెప్పింది. మీ ఆయనది ఇంకా బలమైన కేసు, చూపు తగ్గడం చట్టంలో నేరుగా ఉన్న వైకల్యం కాబట్టి.

ఇప్పుడు చెయ్యాల్సింది, ముందు యూడీఐడీకి, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకి పెట్టి వైకల్య సర్టిఫికెట్ తెచ్చుకోండి. తర్వాత "20వ సెక్షన్ ప్రకారం నాకు ప్రత్యామ్నాయ పోస్టు ఇవ్వండి" అని కాగితం మీద రాసి ఇచ్చి ఇంకో కాపీ మీద స్టాంపు వేయించుకోండి, తీసుకోకపోతే రిజిస్టర్ పోస్టులో పంపండి, నోటిమాటలు వద్దు. అప్పటికీ కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు, ఆ తర్వాత హైకోర్టు ఎలాగూ ఉంది. యూనియన్‌కి కూడా చెప్పండి. ఇంకోటి, షుగర్ వల్ల పోయే చూపు ఇంకా పోకుండా ఆపుకోడానికి వైద్యం మానొద్దు, మిగిలిన చూపుతో చదవడం రాయడం ఎలాగో హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో నేర్పిస్తారు, రేపు ఆఫీసు పని ఇచ్చినప్పుడు అది అక్కరకొస్తుంది.

ప్రశ్న: మా తమ్మునికి పుట్టినప్పటి నుంచి వినపడదు. హైదరాబాద్‌ల కంపెనీల టెస్టింగ్ చేస్తడు, పని మంచిగ చేస్తడని మేనేజరే అంటడు. కానీ మీటింగులు అర్థం కావు, అందరు నవ్వుతుంటె ఎందుకో తెల్వదు, నాలుగేండ్లైనా ప్రమోషన్ రాలే. ఏమని అడగాలె? (వరంగల్)

జవాబు: "నాకు సహాయం చెయ్యండి" అని అడిగితే అందరూ సరే అంటారు, ఏమీ జరగదు. అందుకే అడిగేది ఇదీ అని తేల్చి చెప్పాలి, మెయిల్లో పెట్టాలి. ప్రతి ఆన్‌లైన్ మీటింగులో క్యాప్షన్లు, అంటే మాటలు తెర మీద అక్షరాలుగా పడేవి, ఆన్ చెయ్యాలి. ఇక్కడ ఒక చిక్కుంది, మనవాళ్ళు సగం తెలుగు సగం ఇంగ్లీషు సగం హిందీ కలిపి మాట్లాడితే క్యాప్షన్లు పిచ్చి పిచ్చిగా పడతాయి, కాబట్టి మీటింగులో ఒక్క భాషే మాట్లాడమని అడగాలి, ఒకరి తర్వాత ఒకరు. ముందురోజే ఎజెండా, అయిపోయాక ఎవరేం చెయ్యాలో రాతలో. ఎదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఫోన్లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ పెట్టుకోవచ్చు, తెలుగు కూడా రాస్తుంది. పెద్ద మీటింగులకి, అప్రైజల్‌కి మాత్రం సైగల భాష ఇంటర్‌ప్రిటర్‌ని కంపెనీ ఖర్చుతో పిలిపించమనాలి, తన జీతం తన భవిష్యత్తు మాట్లాడే గదిలో సగం సగం అర్థమైతే కుదరదు కదా.

ఫైర్ అలారం సంగతి అడిగావా? గంట మోగితే తమ్ముడికి ఎట్లా తెలుస్తుంది? లైటు వెలిగి ఆరే అలారం వాళ్ళ ఫ్లోర్‌లో, ముఖ్యంగా టాయిలెట్లలో ఉండాలి. ఇది రేపే అడగాలి.

టీమ్‌లో నలుగురికి సైగలు నేర్పించగలిగితే ఆ నవ్వుల సంగతి దానంతటదే సర్దుకుంటుంది. ఢిల్లీలో భారతీయ సైగల భాష పరిశోధన శిక్షణ కేంద్రం 2015లో పెట్టారు, వాళ్ళ నిఘంటువులో పదివేల మాటల వీడియోలున్నాయి. ప్రమోషన్ గురించి వేరే మెయిల్ పెట్టమను, ఈ నాలుగేళ్ళలో తనతో పాటు చేరినవాళ్ళకి ఏ లెక్కన వచ్చింది, తనకి ఆ లెక్కలో ఏం తక్కువైంది రాతలో చెప్పమని. "కమ్యూనికేషన్ స్కిల్స్" అని జవాబొస్తే దాన్ని దాచిపెట్టుకోండి, వినపడకపోవడాన్నే తప్పుగా లెక్కేశారని చూపించడానికి అదే కాగితం పనికొస్తుంది.

ప్రశ్న: ఆంటీ, నాకు 23, థలసీమియా మేజర్. ప్రతి మూడు వారాలకి రక్తం ఎక్కించుకోవాలి. చూస్తే ఏమీ తెలీదు, ఇంటర్వ్యూలో చెప్పాలా దాచాలా? పోయినసారి చెప్తే "మళ్ళీ కాల్ చేస్తాం" అన్నారు, చెయ్యలేదు. (రాజమహేంద్రవరం)

జవాబు: బంగారూ, ఒకటి తెలుసుకో, థలసీమియా 2016 చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఒకటి. సికిల్ సెల్, హీమోఫీలియా కూడా ఉన్నాయి. పాత 1995 చట్టంలో ఏడే ఉండేవి, అందుకే చాలామంది హెచ్ఆర్ వాళ్ళకి కూడా కంటికి కనపడని వైకల్యం అంటే ఏంటో ఇప్పటికీ తెలీదు. నీకు సర్టిఫికెట్ తీసుకునే హక్కుంది.

ఇంటర్వ్యూలో వాళ్ళు చూడాల్సింది పని వచ్చా రాదా అని. అడగకపోతే నువ్వుగా మొదలుపెట్టక్కర్లేదు, ఇది నా అభిప్రాయం. అడిగితే మాత్రం అబద్ధం చెప్పకు, తర్వాత దాన్నే సాకు చేస్తారు. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక చెప్పు, చెప్పేటప్పుడు జబ్బు కథంతా కాదు, ఏం కావాలో చెప్పు, "మూడు వారాలకొక రోజు ఆస్పత్రిలో ఉంటాను, తేదీలు మూడు నెలలకి ముందే ఇస్తాను, ఆ రోజు సెలవో లేకపోతే ఇంటి నుంచి పనో కావాలి, ఎక్కించుకునే ముందు రెండు మూడు రోజులు నీరసంగా ఉంటుంది కాబట్టి నైట్ షిఫ్ట్ వద్దు" అని. నేను హెచ్ఆర్ కుర్చీలో ఉన్నప్పుడు తేదీలతో సహా ఇంత స్పష్టంగా అడిగినవాళ్ళకి కాదనడానికి మేనేజర్ల దగ్గర మాటే దొరికేది కాదు. హైదరాబాద్‌లో థలసీమియా సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి పనిచేస్తోంది, ఉద్యోగాలు చేస్తున్న నీలాంటి పిల్లలు అక్కడ కలుస్తారు, ఆఫీసులో ఏం చెప్పారు ఎలా చెప్పారు అని వాళ్ళని అడుగు, నాకంటే వాళ్ళకే బాగా తెలుసు.

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్‌లో హెచ్1బీ మీద ఉద్యోగం మారుతోంది. టైప్ 1 షుగర్, ఇన్సులిన్ వేసుకుంటుంది. వీసా మీద ఉన్నవాళ్ళు సౌకర్యాలు అడగొచ్చా? (నెల్లూరు)

జవాబు: నిశ్చింతగా అడగొచ్చండి. వికలాంగుల కోసం అక్కడున్న ఏడీఏ చట్టం 1990ది, 15 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న సంస్థలకి వర్తిస్తుంది, పౌరసత్వంతో పనిలేదు. ఆఫర్ ఇవ్వకముందు జబ్బుల గురించి కంపెనీ అడక్కూడదు, మన చట్టంలో ఇంత సూటిగా లేని మాట ఇది. చేరాక షుగర్ చూసుకోడానికి చిన్న బ్రేక్, బల్ల దగ్గరే ఏదన్నా తినడానికి అనుమతి, ఇన్సులిన్ పెట్టుకోడానికి ఫ్రిజ్‌లో చోటు అడగమనండి, మెయిల్లోనే. జాబ్ అకామొడేషన్ నెట్‌వర్క్ అని ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ ఉంది అక్కడ, మెయిల్ ఎలా రాయాలో నమూనా కూడా ఇస్తారు.